రెండు చెంచాల మందు

కంకిపాడులో బందరు కాలవ గట్టునున్న రైసుమిల్లుకు కృపానందం డ్రైవరు. డ్రైవరంటే బండి తోలేవాడనుకునేరు. ఉన్నచోటనే ఉండే మరను ఉన్నచోటనే ఉరికించేవాడు. పైన వడ్లు పోస్తే కింద బియ్యం రాలడం ఏ మిల్లులోనైనా జరిగేదే. కృపానందం చేతిచక్రం తిప్పి పాలిష్ పడితే మాత్రం రాలేవి బియ్యమో, వెన్నెల తాలూకు నూకలో పోల్చుకోవడం కష్టం. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, బొటనవేలితో ఒక్క రుద్దు రుద్ది, కిటికీ ఎండకు పట్టి చూసి, "ఇంకొక్క పాలిష్" అనేవాడు. ఆ ఒక్కటీ ఏనాడూ ఒక్కటితో ఆగలేదు. మైలవరం అవతలినుంచి కూడా పెళ్ళిబియ్యం కోసం బళ్ళు కట్టుకొచ్చేవాళ్ళంటే అదంతా ఆయన చేతివాటం. ఆ మాటకు బజారులో వేరే అర్థం ఉంది కాబట్టి హస్తవాసి అందాం.

పేరులో కృపా ఉంది, ఆనందమూ ఉంది. ఒంట్లో మాత్రం రెండోది లేదు. మనిషికి ఆవగింజంత బద్ధకం లేదు గానీ మలానికి పట్టుకుంది. మలబద్ధకమన్న పేరు పెట్టినవాడెవడో అనుభవం మీదే పెట్టి ఉంటాడు. పొద్దున్నే చెంబు పట్టుకు వెళ్ళిన మనిషి, ముక్కీ మూలిగీ, మిల్లు కూత వేళకు వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చేవాడు. దాన్ని ఆయన పెద్దగా లెక్కచెయ్యలేదు. లెక్కచెయ్యాల్సి వచ్చింది 1977 ఫిబ్రవరి నెలలో, మిల్లు మెట్లెక్కుతూ గుండె పట్టుకుని మధ్యమెట్టు మీద కూలబడ్డ రోజున.

ఆయన అన్న ఇశ్రాయేలు కూడా అలాగే మెట్ల మీద కూలబడ్డాడు. లేవలేదు. అప్పటికి ఇశ్రాయేలుకు యాభై రెండు. ఇప్పుడు కృపానందానికి యాభై ఒకటి. ఈ లెక్క భార్య సంపూర్ణమ్మకు నోటికొచ్చు. అందుకే సోమవారం పొద్దున్నే ఆయన్ను బస్సెక్కించి బెజవాడ తరిమింది.

గవర్నరుపేటలో డాక్టర్ శివపార్వతి లండనులో చదివి కొత్తగా వచ్చి ఆసుపత్రి పెట్టింది. మూడుపదులు దాటని మనిషి. మాట మాత్రం ఏ స్టేషనులోనూ ఆగని ఎక్స్‌ప్రెస్సు, ఒక చక్రం తెలుగు, ఒక చక్రం ఇంగ్లీషు. కృపానందానివి ముప్పయ్యేళ్ళు మర పక్కన నిలబడ్డ చెవులు. సగం మాట వినేవి, మిగతా సగం ఊహించుకునేవి. ఆ నోటికీ ఈ చెవికీ ముడిపడిన ముహూర్తం ఎట్లాంటిదో ఇక చూడండి.

"మీ కొలెస్టరాల్ మూడువందల పది ఉందండీ," అంది డాక్టరమ్మ, రక్తం చీటీ చూసి.

"రాళ్ళాండీ?" కృపానందం బిత్తరపోయాడు. "జనం కంచాల్లో ఒక్క రాయి తగలకుండా ముప్పయ్యేళ్ళు బియ్యం పట్టానే. నా లోపల మూడువందల పదా?"

"రాళ్ళు కాదండీ. కొవ్వు."

"కొవ్వా?" ఆయన మొహం చిన్నబోయింది. "అంత మాట ఊళ్ళో నన్నెవరూ అన్లేదమ్మా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి కలం మూత పెట్టి తీసింది. "రక్తంలో కొవ్వండీ. సరే, ఏం తింటారు మీరు?"

"అన్నమండీ." ఆయన వెన్ను నిటారైంది. "నా చేత్తో మూడు పాలిష్‌లు పట్టిన బియ్యం. కంచంలో పెడితే కంచం నల్లగా కనబడుద్ది."

"అదీ మీ జబ్బు," అంది ఆవిడ. "గింజ మీద పొర తీసేస్తే మిగిలేది వట్టి గంజిపిండి. పీచంతా ఆ పొరలోనే ఉంది. పీచుంటేనే పేగు కదుల్తుంది. పోతూ పోతూ కొవ్వును కూడా కొంత ఈడ్చుకుపోతుంది. ముందు ఈ పాలిష్ మానెయ్యండి. ముడిబియ్యం తినండి, జొన్నలు, రాగులు తినండి."

పాలిష్ మానెయ్యమన్న మాట దగ్గరే కృపానందం చెవులు తలుపులేసుకున్నాయి. పీచు తియ్యడమే బతుకుగా బతికిన మనిషికి ఒక్కదెబ్బతో పీచమణిగింది. అలిగిన చెవికి అవతలివాళ్ళ మాట గొణుగుడులా వినబడుతుంది. ఆ గొణుగుడులోనే డాక్టరమ్మ చీటీ రాస్తూ, "బ్రాన్ డైలీ, రెండు పెద్ద చెంచాలు," అంది. సరిగ్గా ఆ క్షణాన కిందనుంచి లారీ హారను కొట్టింది. 'బ్రాన్' వచ్చింది, 'డై' వచ్చింది, 'లీ'ని లారీ ఎక్కించుకుపోయింది.

చదివేవాళ్ళ దగ్గర దాపరికమెందుకు? బ్రాన్ అంటే తవుడు. కృపానందం తల్లో దుమ్ములా, చొక్కాలో దురదలా, చెప్పుల్లో మెత్తలా పొద్దస్తమానం ఆయన్ను అంటిపెట్టుకుని ఉండే తవుడు. కానీ ఆయన విన్నది బ్రాండీ.

"ఏంటమ్మా?" అన్నాడు నీరసంగా.

"పొద్దున రెండు, సాయంత్రం రెండు. మజ్జిగలో కలుపుకోండి. మొదట్లో కడుపు ఉబ్బరిస్తుంది, గడబిడ చేస్తుంది, భయపడకండి. తాజాదే వాడండి, పాతబడితే వాసనేస్తుంది. అయినా మిల్లులో ఉండే మీకేం కొదవండీ! మీ చుట్టూ బోలెడు."

కృపానందం తల వంచుకున్నాడు. గోడౌను వెనక హమాలీలు సాయంత్రాలు సీసాలు తెరిచే సంగతి గవర్నరుపేట దాకా పాకిందన్నమాట.

ఇక్కడ ఆయన గురించి ఇంకో సంగతి చెప్పుకోవాలి. కంకిపాడు క్రైస్తవ సంఘంలో మద్యపాన నిరోధక సమాజానికి ఇరవైమూడేళ్ళుగా ఆయనే కార్యదర్శి. ఏటా ఫిబ్రవరి ఆఖరి ఆదివారం పదహారేళ్ళు నిండిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, చుక్క ముట్టమని ఒట్టు పెట్టించి, నీలం అట్ట పుస్తకంలో సంతకాలు చేయించేవాడు. ఆ పుస్తకంలో కుడివైపు చివర 'రిమార్కులు' అని ఒక గడి. ఎవరైనా ఒట్టు తప్పినట్టు తెలిస్తే ఆ గడిలో ఎర్రసిరాతో 'పడిపోయెను' అని రాసేవాడు. ఇరవైమూడేళ్ళలో ఏడుగురు పడ్డారు. ఆఖరివాడు సొలొమోను, మిల్లులో బస్తాలు మోసే హమాలీ. నాలుగేళ్ళ కిందట పేరు పక్కన ఎర్రసిరా పడ్డ మరుసటి ఆదివారం నుంచి సొలొమోను గుడి లోపలికి రావడం మానేసి, బయట అరుగు మీదే కూర్చుని పాటలు వినేవాడు. వెళ్ళగొట్టినవాళ్ళు లేరు, రమ్మన్నవాళ్ళూ లేరు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కృపానందం చీటీ విప్పాడు. డాక్టరమ్మ రాత కూడా ఆవిడ మాటలాగే, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి లేదు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం ఆయనకొచ్చు. బి. ఆర్. ఏ. ఎన్. డి. ఐదో అక్షరం దగ్గర చీటీ మడిచి జేబులో పెట్టేశాడు. ఆపైన చదవడానికి ధైర్యం చాల్లేదు. కాలవ పక్కన కొబ్బరిచెట్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి నడిచిపోతున్నాయి. తాగితే ఒట్టు పోతుంది. తాగకపోతే ఊపిరి పోతుంది. ఒట్టు తీసి గట్టున పెట్టడమన్న మాట నలుగురూ అనగా విన్నాడు గానీ, ఆ గట్టు బందరు కాలవ గట్టే అవుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఇంటికొస్తూనే సంపూర్ణమ్మ అడిగింది: "మందిచ్చిందా?"

"మందే ఇచ్చింది," అన్నాడు కృపానందం. ఆయన జన్మలో అంత నిజం, అంత అబద్ధం ఒకే మాటలో ఇమిడింది ఆ ఒక్కసారే.

మందు తెప్పించాలి. ఎవరిచేత? బ్రాండీ షాపు మెట్లు తెలిసిన మనిషి ఆయన ఎరుకలో ఒక్కడే.

మంగళవారం పొద్దున గోడౌను చాటున సొలొమోనును పట్టుకుని సంగతి చెప్పాడు. సొలొమోను భుజం మీది బస్తా దించలేదు. కాసేపు ఆకాశంకేసి చూశాడు.

"అన్నయ్యా, నన్ను పరీక్షకి పెడుతున్నారా?"

"డాక్టరమ్మ రాసిందిరా. గుండెకి."

"నా గుండెకీ అంతే మంచిదని నేను చెప్పానుగా, మీరు ఇన్లేదు." అని బస్తా దించి మెత్తగా అన్నాడు. "ఏ రకం తెమ్మంటారు? పాతది శ్రేష్టమంటారు."

"తాజాది తెమ్మంది. పాతబడితే వాసనేస్తుందంట."

"లండన్ చదువు అట్టా ఉందన్నమాట!" సొలొమోను తలపట్టుకున్నాడు. "ఎర్రసిరా నాలుగేళ్ళదే గానీ అనుభవం పదిహేనేళ్ళది, ఈ సంగతి ఇప్పుడే ఇంటన్నా."

సీసా వచ్చింది. దాన్ని దాచడానికి కృపానందానికి లోకంలో ఒక్కటే చోటు కనబడింది: మిల్లు వెనక తవుడు గదిలో, నడుమెత్తు తవుడు గుట్టలో, మోచేతి లోతున. పొద్దునా సాయంత్రం మజ్జిగ ముంతతో వెళ్ళి, రెండు చేతుల్తో తవుడు తోడి అవతల పారేసి, అడుగునున్న మందు తీసుకునేవాడు. రోగి ఇంత కష్టపడి, ఒంటికి పట్టేదాన్ని పక్కకు నెట్టి ఒట్టు పోగొట్టేదాన్ని తవ్వుకున్న వైద్యం భూప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు. చెంచా బ్రాండీ పడగానే మజ్జిగ అలిగి ముక్కలైంది. ముక్కు మూసుకుని, ప్రభువును తలుచుకుని, కృపానందం ఒక్క గుక్కలో తాగేశాడు.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. కాసేపటికి ఏమీ జరగకపోవడమే ఎంతో హాయిగా ఉందనిపించింది.

తవుడు గదికి తూర్పున జానెడు కిటికీ. ఉదయం మంచు విడిచే వేళకు అందులోంచి ఎండ వాలుగా, పలకలా దిగుతుంది. ఆ పలకలో తవుడు నలుసులు తేలుతుంటాయి. ముప్పయ్యేళ్ళుగా ఆ నలుసులను ఆయన తుమ్ములుగానే ఎరుగును. ఆ రోజు అవి ఎక్కడికీ పోవాల్సిన తొందరలేని చిన్నచిన్న చుక్కల్లా ఉన్నాయి. ఒకటి పైకి లేచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ కిందికి దిగింది. మర చప్పుడు గోడ అవతలనుంచి ఎవరో పెద్దావిడ పిల్లవాణ్ణి జోకొడుతున్నట్టు వస్తోంది. గది నిండా కమ్మటి వాసన, కొత్త గడ్డికీ వేయించిన పేలాలకూ మధ్యన ఉండే వాసన. ఇన్నేళ్ళూ ఈ వాసనలోనే ఉండి దీన్ని పీల్చలేదేమిటా అనుకున్నాడు కృపానందం. ఒళ్ళు తేలిక. ఎంత తేలికంటే, గాలి విసిరితే తనూ ఊకతోపాటు ఎగిరి గట్టవతల పడేవాడు.

రోజులు అలా మెత్తబడ్డాయి. కాలవ నీళ్ళు బందరు వైపు కాకుండా బెజవాడ వైపు నడుస్తున్నట్టు కనబడేవి. ఒక సాయంత్రం ఆ ఎదురునీటిలో పడవ వచ్చింది. అందులో అన్న ఇశ్రాయేలు నిలబడి ఉన్నాడు, పోయిన రోజున కట్టుకున్న చారల లుంగీతోనే.

"ఏరా, వచ్చే ఏడాదికి నాతో సమానమవుతావు," అన్నాడు ఇశ్రాయేలు. "ఆ పై ఏడాది నన్నే 'తమ్ముడూ' అని పిలుస్తావేమిటి?"

"బతికితే పిలుస్తా అన్నయ్యా."

"బతుకు మరి. మీ వదినని అడిగానని చెప్పు."

పడవ పోయింది. గట్టున కూర్చున్న కృపానందం కళ్ళు తుడుచుకుని చూస్తే, కాలవ మామూలుగా బందరుకే పోతోంది.

రోగం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పైపెచ్చు పొట్ట ఉబ్బింది, గుడగుడలాడింది. డాక్టరమ్మ ముందే చెప్పింది కదా అని ఆయన మురిసిపోయాడు. చెప్పినట్టే జరిగే అనర్థం మీద మనిషికి ఎంత నమ్మకమో! పొద్దున్నే "మందేసుకున్నారా?" అని సంపూర్ణమ్మ అడగడం, "మిల్లులో వేసుకుంటాలే" అని ఆయన తప్పుకోవడం. రోజూ సీసాలో మట్టం తగ్గుతోంది, లోపల దిగులు మట్టం పెరుగుతోంది. ఆఖరి ఆదివారం దగ్గరికొస్తోంది. పిల్లల చేత ఒట్టు పెట్టించాలి. ఏ నోటితో?

ఆ ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం లోపల మిల్లులో ఆడించాల్సినవి గుడి వడ్లు. కోత పండుగకు విశ్వాసులు తెచ్చి ఇచ్చిన ధాన్యం. అందులోంచి రెండు బస్తాలు ఆడించి ఒట్టు ఆదివారం ప్రేమవిందుకు వండటం ఆనవాయితీ. గుడి బియ్యానికి కృపానందం ఏటా నాలుగు పాలిష్‌లు పట్టేవాడు. దేవుడికి మూడు సరిపోవని ఆయన అభిప్రాయం.

పొద్దుటి రెండు చెంచాలూ పడ్డాయి. సొలొమోను పైన వడ్లు పోశాడు. బెల్టు కదిలింది. కృపానందం చేతిచక్రం మీద చెయ్యేసి కిందికి చూశాడు. మొదటి విడత పైపొట్టు ఊడిన గింజలు లేత ఎరుపులో, నిద్రలేచిన పసిపిల్లల్లా, ఒకదాన్నొకటి తోసుకుంటూ జారుతున్నాయి. వాటి ఒంటి మీద పల్చటి చొక్కా ఉంది. ఎండ తగిలి ఆ చొక్కాలు నిగనిగలాడుతున్నాయి. ఇప్పుడు చక్రం దించాలి, చొక్కాలు ఊడబెరకాలి.

"చలిగా ఉంది మావా," అంది ఒక గింజ.

కృపానందం వంగి చూశాడు. వేలకు వేల గింజలు తలెత్తి ఆయన్నే చూస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఇన్ని కోట్ల చొక్కాలు విప్పి గేదెలకు పెట్టించాను గదా అని ఆయన గుండె చెరువైంది. గుండె ఇలా మంచి పనికి బరువెక్కడం ఆయనకు కొత్త.

"సరే, వేసుకునే వెళ్ళండమ్మా," అని చక్రం ఎత్తేశాడు.

"అన్నయ్యా! ఎర్రగా వస్తన్నయ్!" పైనుంచి అరిచాడు సొలొమోను.

"రానియ్ రా. చలేస్తుందంట వాటికి."

సొలొమోను నిచ్చెన దిగొచ్చి ఆయన మొహంలోకి చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు. బస్తాల మూతులు తనే కుట్టాడు, తనే బండి మీద వేశాడు. చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టాడు కూడా.

గుడి ఆవరణలో ఆడవాళ్ళు బస్తా విప్పి చూసి నోళ్ళు నొక్కుకున్నారు. పావుగంటలో సంపూర్ణమ్మ చేటలో దోసెడు బియ్యంతో ఇంటికొచ్చి, మంచం మీద నవ్వుకుంటూ పడుకున్న మొగుడి ముందు నిలబడింది.

"ఏమిటండీ ఇవి?"

"బియ్యం."

"మీ చేతి బియ్యమేనా? పెళ్ళైన పాతికేళ్ళలో మీ చెయ్యి జారగా నేను చూళ్ళేదు. ఏమైంది మీకు? లేచి కూర్చోండి. దగ్గరికి రండి." వచ్చాడు. ఆవిడ ముక్కు ఒక్కసారి ఎగబీల్చింది. చేటలో బియ్యం ఎర్రగా ఉంటే, ఆమె మొహం తెల్లగా పాలిపోయింది.

ఇక దాచేదేముంది? కృపానందం మొదటినుంచీ చెప్పేశాడు, సీసా, సొలొమోను, తవుడు గుట్ట, పడవలో అన్న. చెబుతూ చెబుతూ పిల్లాడిలా ఏడ్చాడు. చివరికి జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. "చచ్చిపోతానన్న భయంతో తాగాను సంపూర్ణం. ఒట్టు తప్పాను. రేపు ఆ పుస్తకం ముందు ఎట్లా నిలబడను?"

సంపూర్ణమ్మ మిషను బోర్డింగులో ఎనిమిది దాకా చదివింది. చీటీ గుమ్మంలోకి తీసుకెళ్ళి వెలుతురుకు పట్టి, ఒక్కో అక్షరం వేలితో నొక్కింది. "బి, ఆర్, ఏ, ఎన్. డి, ఏ, ఐ, ఎల్, వై. డైలీ. అంటే రోజూ అని." ఆవిడ ఆగింది. "మరి బ్రాండీ ఏదీ ఇందులో? బి, ఆర్, ఏ, ఎన్ అని విడిగా ఉంది." మళ్ళీ చదివింది. తర్వాత నెమ్మదిగా తన కాళ్ళకేసి చూసింది.

గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే గోనెపట్టా ఉంది. పాత తవుడు బస్తా. నూనె ఫ్యాక్టరీకి వెళ్ళే తవుడు బస్తాల మీద రేకు అచ్చు పెట్టి నల్లరంగు కొట్టడం మిల్లులో కృపానందం పనే. కొన్నేళ్ళుగా కొన్ని వేల బస్తాలకు కొట్టాడు. దాన్ని ఆయన తవుడు అచ్చు అనేవాడు తప్ప, అందులోవి అక్షరాలనీ, వాటికో మోత ఉంటుందనీ ఏనాడూ అనుకోలేదు. గోనెపట్టా మీద మట్టికాళ్ళ మరకల మధ్య నాలుగక్షరాలు ఇంకా నల్లగా ఉన్నాయి. బి, ఆర్, ఏ, ఎన్.

ఆలుమగలు ఇద్దరూ వంగి ఆ పట్టాను చూశారు. చాలాసేపు చూశారు.

"రోజూ కాళ్ళు తుడుచుకునేదాన్ని రెండు చెంచాలు కడుపులో వేసుకోమందండీ మహాతల్లి," అంది సంపూర్ణమ్మ. అని, గుమ్మంలోనే కూలబడి పమిట నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందేమోనని కృపానందం కంగారుగా దగ్గరికెళ్ళాడు. ఆవిడ నవ్వుకు గుమ్మం అదురుతోంది.

నవ్వు తీరాక ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "సరే. అయిందేదో అయింది. సీసా కాలవలో పారబొయ్యండి. రేపట్నుంచి జల్లించిన తాజా తవుడు దోరగా వేయించి మజ్జిగలో ఇస్తా. అన్నం కూడా ఇక ఈ ఎర్ర బియ్యమే. ఎవరికీ చెప్పక్కర్లేదు. పొరపాటుకు పాపమెక్కడిది?"

కృపానందం చెంబు తీసుకుని మొహం కడుక్కున్నాడు. మత్తు దిగిపోయింది. దిగాక కూడా ఒకటి మాత్రం కలలోలా కళ్ళముందు ఆడుతూనే ఉంది: నిచ్చెన దిగొచ్చి తన మొహంలోకి చూసిన సొలొమోను మొహం. నాలుగేళ్ళ కిందట సొలొమోను ఒట్టు తప్పాడని విన్నప్పుడు తను అతని మొహంలోకి చూశాడా? చూడలేదు. ఎర్రసిరా బుడ్డి కోసం వెతుక్కున్నాడు.

ఆదివారం పదకొండుమంది పిల్లలు తలకు నూనె రాసుకుని వరసగా నిలబడ్డారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించి, "కార్యదర్శిగారూ," అన్నారు. కృపానందం నీలం అట్ట పుస్తకం పట్టుకుని లేచాడు. సంపూర్ణమ్మ ఆడవాళ్ళ వైపునుంచి కళ్ళతోనే వద్దంటోంది.

"పిల్లలూ, ఒట్టు పెట్టించే ముందు నా సంగతి చెప్పాలి," అన్నాడాయన. "పన్నెండు రోజుల్లో నేను నలభై ఆరు చెంచాల బ్రాండీ తాగాను."

గుడిలో తలలన్నీ ఆయనవైపు తిరిగాయి. తర్వాత చీటీ కథ, లారీ కథ, గోనెపట్టా కథ. నవ్వు వెనక బల్లల్లో మొదలై ముందుకొచ్చింది. అయ్యగారు నవ్వకూడదని పైకప్పు చూశారు. పైకప్పు ఆయన్ను కాపాడలేకపోయింది.

"అది మందుగానే పుచ్చుకున్నారు కదండీ కృపానందంగారూ!" అన్నారు తేరుకుని.

"మందేనండీ. గొడవంతా అక్కడే ఉంది," అన్నాడు కృపానందం. "డాక్టరమ్మ రాసిందనుకున్నా గనక తాగా, అది నిజం. మొదటి రోజు తర్వాత బాగుంది గనక సాయంత్రం కోసం ఎదురుచూశా, అదీ నిజం. ఈ రెండోది ఎవరూ రాసివ్వలేదు."

నవ్వు ఆగిపోయింది. ఆయన బల్ల మీద పుస్తకం తెరిచి, పాత పేజీలు వెనక్కి తిప్పి, పందొమ్మిదివందల నలభైతొమ్మిదిలో తను చేసిన సంతకం వెతికి పట్టుకున్నాడు. దాని పక్క గడిలో ఎర్రసిరాతో 'పడిపోయెను' అని రాశాడు. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా వచ్చాయి. రాసి, కలం అయ్యగారి చేతిలో పెట్టి, "ఇక ఈ పుస్తకం మీరుంచండి," అన్నాడు. పిల్లలు పదకొండుమందీ సంతకాలు చేశాక, పన్నెండోవాడిగా వెళ్ళి కొత్తగా తనూ ఒట్టు పెట్టాడు. ముందున్న కుర్రాడు ఎంత వంగి సంతకం చేశాడో, అంతే వంగాల్సి వచ్చింది.

తర్వాత ప్రేమవిందు. ఎర్రటి అన్నం విస్తళ్ళలో పడగానే పంక్తిలో గుసగుసలు లేచాయి. ఇది గొడ్లకు పెట్టేదా మనుషులు తినేదా అని ఒకాయన గట్టిగానే అడిగాడు. ఎనభై దాటిన మణెమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, పళ్ళులేని చిగుళ్ళతో తిప్పి తిప్పి, కళ్ళు మూసుకుంది.

"మా అమ్మ రోట్లో దంచేది ఇదే," అంది. "దంచుతుంటే నేను రోలు చుట్టూ తిరుగుతూ చిట్టుతవుడు ఏరుకు తినేదాన్ని. డెబ్భయ్యేళ్ళయింది ఈ రుచి చూసి. ఇంకో గరిటె వెయ్యవే సంపూర్ణం."

ఆ మాటతో పంక్తి మొత్తం మెత్తబడింది. అన్నం మాత్రం మెత్తబడలేదు. నమలాల్సిందే.

కృపానందం లోపల కూర్చోలేదు. రెండు విస్తళ్ళు వేయించుకుని బయట అరుగు మీదికి వచ్చాడు. సొలొమోను గోడకానుకుని కూర్చుని ఉన్నాడు.

"లోపలికి రాకూడదూ? పుస్తకం అక్కడే ఉంది."

"రానన్నయ్యా." సొలొమోను నవ్వాడు. "మీది పొరపాటు, నాది అలవాటు. నాకు డాక్టరమ్మా రాయలేదు, లారీ హారనూ కొట్టలేదు. ఇయ్యాళ సంతకం పెట్టి ఎల్లుండి మళ్ళీ మీచేత ఎర్రసిరా పోయించుకోడం దేనికి?"

"పోసేవాణ్ణి నేను కాదింక. పుస్తకం అయ్యగారికిచ్చేశా."

సొలొమోను ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత పక్కకు జరిగి, అరచేత్తో అరుగు మీద దుమ్ము తుడిచాడు. కృపానందం కూర్చున్నాడు. ఒక విస్తరి అతని ముందు పెట్టాడు.

మధ్యాహ్నపు ఎండ పల్చగా, నీళ్ళు కలిపిన తేనెలా ఆవరణ మీద పరుచుకుంది. కాలవ మీదినుంచి చల్లగాలి ఉండుండి వస్తోంది. కృపానందం ముప్పయ్యేళ్ళ అలవాటు మీద పెద్ద ముద్ద చేసి మింగబోయాడు. ముద్ద గొంతులోనే ఆగి, దిగనని మొరాయించింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తొందరేముందన్నయ్యా," అన్నాడు సొలొమోను, నీళ్ళ చెంబు అందిస్తూ. "ఇది నమిలి తినే అన్నం."

నమిలాడు. నమిలే కొద్దీ గింజలోంచి సన్నటి తీపి ఊరింది. ఎక్కడినుంచో వస్తున్నట్టు, ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు. లోపల మొదటి పంక్తి లేచింది, రెండో పంక్తి కూర్చుంది. అరుగు మీద వీళ్ళిద్దరి విస్తళ్ళలో ఇంకా సగం అన్నం ఉంది.